రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్

ఓస్ట్‌హూవె,
మే, రెండో వారం

అచీల్‌కి,

చేతిరాత బాగోలేదు, తప్పులూ ఉంటాయి, ఏమీ అనుకోకు. మన ఊరి బడిలో చెప్పినంత వరకే నాకు వచ్చు. ఆ తర్వాత జీవితమంతా పియర్ చెట్ల కొమ్మలు కత్తిరించాను, అవి నన్నెప్పుడూ స్పెల్లింగ్ అడగలేదు. నువ్వు బడిలో చెప్పింది వ్యాయామం కాబట్టి నీ దగ్గర ఎర్ర పెన్ను ఉండదన్న ధైర్యంతో రాస్తున్నాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నాకు మాట రాదు. పోయినసారి చేసినప్పుడు ఒకరి ఊపిరి ఒకరం విని పెట్టేశాం.

నువ్వు ఓస్టెండ్ వెళ్లి సముద్రానికి కాపలా కాయడం మొదలుపెట్టాక నేను టెన్నిస్ రాకెట్ పట్టలేదు. పట్టి ఎవరితో ఆడను? క్లబ్బులో కుర్రాళ్లంతా ఇప్పుడు గాజు గోడల మధ్య పాడెల్ ఆడుతున్నారు, తొట్టిలో చేపల్లాగా. టీవీలో చూడటం కూడా మానేశాను. ఆ పెద్ద టోర్నమెంట్లలో దీపాలార్పి, పాట పెట్టి, ఆటగాణ్ని పెళ్లికొడుకులా నడిపించుకొస్తారు. అతను చెమట తుడుచుకునేలోపు నాకు ఒక కారూ ఒక గడియారమూ అమ్మజూస్తారు.

పోయిన వారం ట్రాక్టర్‌కి బెల్టు కొనడానికి నది దాటి హాలండ్ వైపు వెళ్లాను. కొట్టువాడు భోజనానికి పోయాడు. వీధిలో నిలబడి ఉంటే, పొదల కంచె అవతలనుంచి చప్పుడు వినిపించింది. బంతి రాకెట్‌కి సరిగ్గా నడిమధ్య తగిలినప్పటి చప్పుడు. అది మర్చిపోయాననుకున్నాను.

లోపలికి వెళ్లాను. టికెట్ లేదు. గేటు దగ్గర ఒకావిడ బియ్యం టార్ట్ అమ్ముతోంది, కొనకపోతే చూసే చూపే టికెట్. చూసేవాళ్లం నలుగురం, ఒక కుక్క. కుక్క ఒక్కటే శ్రద్ధగా చూసింది. ఆడేవాళ్లు మాత్రం ఆట మీదే బతికేవాళ్లు. ఏం బతుకంటే, మ్యాచ్ గెలిచిన అమ్మాయి బయటికొచ్చి కుళాయి దగ్గర తన సాక్సులు తనే ఉతుక్కుంది. నేను కంచె పట్టుకుని నిలబడిపోయాను. బెల్టు ఇప్పటికీ కొనలేదు.

పేర్ల బోర్డు మీద యోలీన్ పేరు చూశాను. మీ యోలీన్. క్వాలిఫయింగ్‌లో ఆడింది, అంటే అసలు టోర్నమెంట్‌కి ఇంకా గడప బయటే. ఓడింది. నేను పలకరించలేదు. ఏమని పలకరిస్తాను?

ఇలాంటివి ఈ చుట్టుపక్కల వారానికొకటి జరుగుతున్నాయట. పియర్లు పండేదాకా తిరుగుదామనుకుంటున్నాను.

ఒమెర్


ఓస్టెండ్,
మే చివర

ఒరేయ్ ఒమెర్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి అర్థం చేసుకోవడానికి, ఇంకోసారి నువ్వే రాశావని నమ్మడానికి. ఇన్నేళ్లు డబుల్స్‌లో నా పక్కన నిలబడి నువ్వన్న మాటలన్నీ పోగేసినా ఇందులో సగం ఉండవు. అన్నవి కూడా "నీది", "నాది". అదీ బంతి దాటిపోయాక.

ఈ వయసులో దేశాలు పట్టుకు తిరుగుతానంటావు. తిరుగు. చెట్లన్నా కాస్త ఊపిరి పీల్చుకుంటాయి.

ఇక ఆ పిల్ల సంగతి. నేనడగలేదు, నువ్వే చెప్పావు. నాకూ ఒక మనవరాలుండేది. రాకెట్ తనకంటే పొడుగున్నప్పటినుంచి నేనే నేర్పాను. ఒంటిచేత్తో బ్యాక్‌హ్యాండ్ కొడితే పక్క కోర్టువాళ్లు ఆట ఆపి చూసేవాళ్లు. ఆ తర్వాత ఎవడో శిక్షకుడొచ్చాడు. చలవ కళ్లజోడు కళ్లకి కాక నెత్తికి పెట్టుకునే రకం. రెండో చెయ్యి కూడా వెయ్యమన్నాడు, వేసింది. నన్నొక్క మాట అడగలేదు. అడిగితే వద్దంటానని అడగలేదట. ఇప్పుడు పార పట్టి బంగాళాదుంపలు తవ్వినట్టు కొడుతోంది. నేననాల్సింది నేనన్నాను, తననాల్సింది తను అంది. అప్పటినుంచి రెండు క్రిస్మస్‌లు ఎంతో ప్రశాంతంగా గడిచాయి, టర్కీ కోడి మొత్తం నేనొక్కణ్నే తిన్నాను.

కాబట్టి ఆమె గురించి రాయకు. రాయకుండా ఉండలేకపోతే ఆ బ్యాక్‌హ్యాండ్ గురించి మాత్రం రాయకు. సర్వీస్ వేసేటప్పుడు ఎడమ భుజం ఇంకా ముందే జారుస్తోందా? అడగడం లేదు. వాతావరణం గురించి మాట్లాడినట్టు మాట్లాడుతున్నానంతే.

నాకు పెట్టిన కొత్త తుంటి బ్రహ్మాండంగా పనిచేస్తోంది. దాని చుట్టూ ఉన్నదే పాతది. సముద్రం ఎక్కడికీ పోలేదు, పొద్దున చూశాను.

అచీల్


జర్మనీ, ఐఫెల్ కొండల్లో ఒక ఊరు,
జూన్

అచీల్‌కి,

నీ మనవరాలి గురించి రాయొద్దన్నావు కాబట్టి ముందు మిగతావన్నీ రాస్తాను.

క్లబ్బు వెనక ఒక ముసలావిడ కోళ్ల గూడు పైనున్న గది నాకిచ్చింది. కోళ్లవీ నావీ పడుకునే వేళలు ఒకటే, గొడవ లేదు. ఆటగాళ్లు కూడా ఊళ్లోవాళ్ల ఇళ్లలోనే దిగుతారు. నిన్న ఒక పోర్చుగీసువాడు పొద్దున ఓడిపోయి, సాయంత్రం తనకి గదిచ్చినవాళ్ల పెరట్లో గడ్డి కోశాడు. గడ్డి మాత్రం చాలా బాగా కోశాడు.

మొదటి మ్యాచ్‌లకి అంపైర్ ఉండడు. తనవైపు పడిన బంతి లోపలో బయటో ఎవరికి వాళ్లే చెప్పాలి. అవతలివాళ్లు ఒప్పుకోకపోతే ఎర్రమట్టి మీద బంతి గుర్తు వెతికి చూసుకుంటారు. అప్పటికీ తెగకపోతే రెఫరీని కేకేస్తారు. అన్ని కోర్టులకీ రెఫరీ ఒక్కరే. ఇంత నమ్మకం మీద నడిచేది ఇంకెక్కడా చూడలేదు. మా పియర్ల సంఘంలో అస్సలు చూడలేదు.

కంచె పక్కన కూర్చుంటే బూటు మట్టి మీద జారే చప్పుడు వినిపిస్తుంది. వాళ్లని వాళ్లు తిట్టుకునే తిట్లు కూడా. ఆ పోర్చుగీసువాడు ఒక పాయింటు పోగానే ఆకాశం వంక చూసి చాలాసేపు మాట్లాడాడు. ఆ భాష నాకు రాదు, ఒక్క ముక్క కూడా వదలకుండా అర్థమైంది. మన ఆట గుర్తొచ్చింది. నువ్వు తిట్టేవాడివి, నేను తినేవాణ్ని.

మొన్న ఎవరూ లేనప్పుడు ఒక రాకెట్ అరువు తీసుకుని గోడకి బంతి కొట్టి చూశాను. గోడ గెలిచింది. అయినా చేతికి బాగుంది.

ఇక రాయకూడనిది. నేను పొద పక్కన నిలబడి చూస్తున్నాను, యోలీన్ నీళ్లకని ఇటువైపు వచ్చింది.

"ఒమెర్ తాతా, పొదలో దూరితే సరిపోదు, టోపీ కూడా దాచుకోవాలి," అంది.

దాక్కోలేదు, నీడ కోసం నిలబడ్డానన్నాను.

"చినుకులు పడుతుంటే నీడేంటి? ఎవరైనా పంపించారా?"

ఎవరూ పంపలేదన్నాను.

"నేనేమీ అడగడం లేదు. అక్కడ సముద్రం దగ్గర గాలి ఎలా ఉందో అని, అంతే."

బాగానే ఉంది, కాస్త మొండిగా వీస్తోందన్నాను. నవ్వింది. మీ ఇంట్లో అందరికీ వాతావరణం మీదే ధ్యాస.

మ్యాచ్ అయ్యాక నా టార్ట్‌లో సగం తింటూ చెప్పింది. ఈ వేసవితో సరి. ఆగస్టు చివర మన పక్కూరు హెర్నెల్డ్‌లో జరిగేదే ఆఖరిది. ఆ తర్వాత బడిలో పిల్లలకి వ్యాయామం చెప్పే ఉద్యోగం. "చివరికి తాతలాగే ఈల ఊదుకుంటూ బతకబోతున్నాను. ఇంతకంటే ఏం శిక్ష వేస్తారు చెప్పు," అంది. రాకెట్ మళ్లీ ముట్టుకోనంటోంది.

ఒకసారి వచ్చి చూడు అచీల్. ఆగస్టు దాటాక చూద్దామన్నా ఏమీ ఉండదు.

ఎడమ భుజం జారడం లేదు.

ఒమెర్


ఓస్టెండ్,
జూలై

ఒరేయ్ ఒమెర్,

గాలి మొండిదన్నావా. హాస్యం కూడా మొదలుపెట్టావన్నమాట, ఈ వయసులో కొత్త పన్ను మొలిచినట్టు.

బడిలో ఉద్యోగమా. అందులోనూ వ్యాయామం. అన్నేళ్లు ఈల ఊదితే నాకు మిగిలినవి జలుబూ, వీపుకి తగిలిన బంతులూ. బంగారు భవిష్యత్తు. క్లాసు క్లాసంతా రెండేసి చేతులతో బంగాళాదుంపలు తవ్వుతారు ఇక.

రమ్మంటావు. నా తుంటి సంగతి నీకు తెలుసు. బ్రహ్మాండంగా ఉందని రాశావు కదా అంటావు. ఉంది కాబట్టే పాడుచేసుకోదలచుకోలేదు. పైగా దేశం ఈ కొసనుంచి ఆ కొసకి రావాలి, రైళ్లు మారాలి, ప్రతి రైల్లోనూ నాకు సీటివ్వబోయే మర్యాదస్తులుంటారు. వాళ్లని నేను భరించలేను.

అయినా ఒక మాట. అసలు టోర్నమెంట్ మొదలయ్యేది మంగళవారం. ఆదివారం క్వాలిఫయింగ్ అంటే వీధిలో నిలబడి గంట కొట్టడం. గంట కొట్టడం చూడటానికి నేను రాను. తలుపు తెరిచి లోపలికి పోయిందనుకో, అప్పుడు మంగళవారం వస్తాను. నాకొక కుర్చీ నీడలో వేయించు. పక్కన ఎవరూ మాట్లాడకూడదు. ఆ పనికి నిన్ను మించినవాడు బెల్జియంలో లేడు. ఆమెకి చెప్పకు.

అచీల్

తా.క. ఉత్త నీళ్లే తాగుతోందా? చిటికెడు ఉప్పు కలుపుకోమను. నేనన్నానని అనకు.


ఓస్ట్‌హూవె,
ఆగస్టు చివర, సోమవారం

అచీల్‌కి,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి మంగళవారం దాటిపోతుంది. అందుకని మీ కింద అంతస్తులో ఉన్న రొట్టెల కొట్టుకి ఫోన్ చేసి, నిన్ను రావద్దన్నానని చెప్పమన్నాను. అవును, ఫోన్ చేశాను. నీకే చేసే ధైర్యం లేకపోయింది.

యోలీన్ నిన్న ఓడిపోయింది. క్వాలిఫయింగ్ మొదటి మ్యాచ్‌లోనే. అది నా వల్ల. ఎలాగన్నది ఇప్పుడు రాయలేను.

నీడలో కుర్చీ వేసి ఉంచాను. తీసేశాను.

పియర్లు కోతకొచ్చాయి.

ఒమెర్


ఓస్టెండ్,
సెప్టెంబర్ మొదట్లో

ఒమెర్,

నువ్వు రాయలేనన్నావు కాబట్టి నేను రాస్తాను. నేను ఆదివారమే వచ్చాను.

రానని రాసింది నేనే, గుర్తుంది. శనివారం సముద్రం గోల ఎక్కువైంది, నిద్ర పట్టలేదు, మొదటి రైలెక్కాను. అంతకంటే అడక్కు. హెర్నెల్డ్ క్లబ్బు వంటగది పక్కన బీరు పీపాలు పేర్చి ఉంటాయి చూడు, వాటి వెనక నిలబడ్డాను. మంచి చోటు. కోర్టు కనిపిస్తుంది, మాటలు వినిపిస్తాయి, మనిషి కనిపించడు.

మూడో సెట్. అవతల ఆడుతున్నది రాద్కా అనే స్లొవాక్ పిల్ల. ఇంకొక్క పాయింటు గెలిస్తే మ్యాచ్ ఆమెది. గట్టిగా కొట్టింది, బంతి యోలీన్ వైపు మూలలో, వెనక గీత దగ్గర పడింది. యోలీన్ వేలెత్తి బయట అంది. ఇద్దరూ నెట్ దగ్గరికొచ్చారు. రాద్కా గుర్తు చూడమని చెయ్యి చాపింది. తెగక, ఇద్దరూ బెంచీ దగ్గరికి వెళ్లి రెఫరీని కేకేశారు. ఇంతవరకూ ప్రపంచంలో ఏ ఎర్రమట్టి మీదైనా జరిగేదే.

ఆపైన జరిగింది మాత్రం మన క్లబ్బులో పెరిగినవాడు తప్ప ఇంకెవడూ చెయ్యలేడు. మనుషులు తక్కువయ్యారని నీకు కోర్టు మట్టిని చదును చేస్తూ ఊడ్చే వల చేతికిచ్చి వెనక గేటు దగ్గర నిలబెట్టారు. నీ కళ్లజోడు నీ జేబులో భద్రంగా ఉంది. నెట్ దగ్గర చాచిన చెయ్యి కనిపించింది, ఇద్దరూ బెంచీ వైపు నడిచారు. ఆట అయిపోయి చేతులు కలుపుకున్నారనుకున్నావు. ఆట అయితే ఏం చెయ్యాలి? దాహంతో ప్రాణం పోతున్నా ముందు కోర్టు ఊడ్చాలి. అలా ఊడ్వనివాడు మనిషే కాదని క్లబ్బులో అందరి బుర్రలకీ ఎక్కించినవాణ్ని నేనే. ఎక్కింది నీకొక్కడికే.

వల లాక్కుంటూ బయల్దేరావు. కోర్టంతా ఉండగా సరిగ్గా ఆ మూలనుంచి. ఎంత శ్రద్ధగా లాగావు ఒమెర్. మధ్యలో ఒకచోట ఆగి, వంగి చూసి, బాగుందన్నట్టు తలాడించి మరీ లాగావు. నేను పీపాల వెనకనుంచి అరిచాను కానీ, వంటగదిలో ఎవరో అప్పుడే గిన్నెలు పడేశారు.

రెఫరీ వచ్చేసరికి గుర్తుండాల్సిన చోట ఇస్త్రీ చేసిన దుప్పటిలాంటి మట్టి.

"ఈయన ఎవరి తాలూకు?" అందావిడ. ఎవరూ ఒప్పుకోలేదు.

"గుర్తు లేదు కాబట్టి మొదట చెప్పిన మాటే ఖాయం. బంతి బయట. ఆడండి," అంది.

అంటే మన పిల్ల బతికింది. ఆడుకోవచ్చు, గెలవొచ్చు, మంగళవారం నేను దర్జాగా నీడలో కూర్చోవచ్చు. ఆడిందా? లేదు. నీ దగ్గరికి నడిచొచ్చింది.

"తాతా, ఊడ్చేముందు తలెందుకు ఆడించావు?"

నువ్వు నేల వంక చూశావు. బూట్ల వంక చూశావు. అబద్ధం చెప్పడానికి కూడా నాలుగు మాటలు కావాలి కదా, నీ దగ్గర లేవు. "గీతకి తగిలింది. మంచి దెబ్బ అనుకున్నాను," అన్నావు. నీ జీవితంలో పదిమందికీ వినపడేలా మాట్లాడిన మొదటి మాట అదే అనుకుంటాను. దాంతో నా మనవరాలి ఆట ముగిసింది.

"చూసేవాళ్ల మాట చెల్లదు," అంది రెఫరీ.

"నాకు చెల్లుతుంది," అంది యోలీన్. వెళ్లి రాద్కా చేతిలో చెయ్యి వేసింది.

అక్కడ నిన్ను నేను తిట్టిన తిట్లు వింటే ఆ పోర్చుగీసువాడు నా దగ్గర శిష్యరికం చేసేవాడు. రైల్లో బ్రస్సెల్స్ దాకా తిట్టాను. ఆ తర్వాత తిట్లు అయిపోయాయి. ఆ స్థానంలో నేనున్నా చెప్పేవాణ్నా అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచనలన్నీ రాయక్కర్లేదు.

ఇంకొకటి. రెండో సెట్‌లో ఆ మూలనుంచి గీత వెంబడి కొట్టింది చూశావా, రెండు చేతులతో? నేను నేర్పినదాంతో ఆ బంతి అందేది కాదు. అందినా అలా వెళ్లేది కాదు. ఈ మాట ఒక్కసారే రాస్తాను. చదివాక ఈ కాగితం పొయ్యిలో వెయ్యి.

మరి కనిపించకుండా ఎందుకు పోయావంటావు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ఇన్నాళ్లకి ఎదురుపడి ఏమనాలి? ఓడావనా, నాదే తప్పనా? మొదటిది ఆమెకి తెలుసు. రెండోది నాకు అలవాటు లేదు. రైలు టైమైందనుకుని వెళ్లిపోయాను. కాలేదు. స్టేషన్‌లో చాలాసేపు కూర్చున్నాను.

ఆఖరి ఆట కాబట్టి ఇక చూడటానికి ఏమీ లేదు. చక్కగా చేశాను.

అచీల్


ఓస్ట్‌హూవె,
సెప్టెంబర్

అచీల్‌కి,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. వేసేముందు పైకి చదివాను. ఆ సమయానికి యోలీన్ మా వంటగదిలో కూర్చుని పియర్లు తింటోంది. చదివాక కాల్చమన్నావు, ఎవరూ లేనప్పుడు చదవమని రాయలేదు.

బ్యాక్‌హ్యాండ్ దగ్గరికి రాగానే, "ఇంకోసారి చదువు," అంది. చదివాను. "ఆయన రాతేనా?" అంది. చూపించాను. పొయ్యిలో వెయ్యడానికి ఇవ్వలేదు కాసేపు. తర్వాత తనే వేసింది.

నీకు తెలియంది ఒకటుంది. ఆమె ఓడినందుకు ఏడవలేదు. "ఓడటం నాకేం కొత్త తాతా, వారం వారం చేసే పనేగా," అంది. రెండో సెట్ మొదట్లోనే నిన్ను చూసిందట. పీపాల పైన నీ చేతికర్ర కనిపించిందట. ఆ గీత వెంబడి కొట్టిన దెబ్బ రాద్కా కోసం కాదు, ఆ పీపాల కోసం కొట్టిందట. మ్యాచ్ అయ్యాక నువ్వొస్తావని తువ్వాలు మొహాన పెట్టుకుని కూర్చుంది. తీసి చూసేసరికి కర్ర లేదు.

ఇంత రాయడం నాకు కష్టంగా ఉంది. కానీ రాయకపోతే నువ్వు చక్కగా చేశాననే అనుకుంటూ ఉంటావు.

ఉద్యోగం వచ్చే వారం మొదలు. రాకెట్లు అమ్మేస్తానంది. వద్దని చెబుదామనుకున్నాను. లేచి వెళ్లి అటక మీదనుంచి నా రాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టాను. తీగలు వదులై వేలాడుతున్నాయి.

"దీంతో చేపలు పడతావా?" అంది.

టెన్నిస్ ఆడతానన్నాను.

"ఎవరితో?"

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. సంచిలోంచి తీగ తీసి అక్కడే కూర్చుని బిగించడం మొదలుపెట్టింది. ఇంట్లో బిగించుకునే చిన్న యంత్రం వెంట తెచ్చుకుందిలే, వీళ్లు ఆ పని కూడా వాళ్లే చేసుకుంటారు. సగంలో ఉండగా అంది: "ఆదివారం మన క్లబ్బులో. మీ ముసలాళ్లిద్దరూ ఒకవైపు, నేనొక్కదాన్నే ఒకవైపు. నీకు మోకాలు లేదు, ఆయనకి తుంటి లేదు, ఇద్దరూ కలిస్తే ఒక మనిషి అవుతారు. గెలవక్కర్లేకుండా ఆడి ఎన్నాళ్లయిందో."

నువ్వు రావేమో అన్నాను.

"రానంటే రాననే చెప్పమను. పీపాల వెనక మాత్రం నిలబడొద్దని చెప్పు," అంది.

నీ సర్వీస్ నడుము దాటదని నాకు తెలుసు. బంతి నా వీపుకి తగిలితే నేనేమీ అనను, ఎప్పుడూ అనలేదు.

పాడెల్ వాళ్లు తినగా మన క్లబ్బులో ఎర్రమట్టి కోర్టు ఒక్కటే మిగిలింది. ఆడేవాళ్లు ముందుగా బోర్డు మీద పేర్లు రాయాలి. నాదీ ఆమెదీ రాశాను. కింద ఒక పేరుకి చోటు వదిలాను. ఇంకెవరైనా అందులో రాసేసేలోపు త్వరగా జవాబు రాయి.

ఒమెర్